మార్కా లేని పార్సిల్



పోయిన నెల సంఘం గదికి సున్నం కొట్టించేటప్పుడు ఇనుప బీరువా జరిపినాము గదా, దాని వెనక ఒక అట్టపెట్టె దొరికింది. అందులో పదకొండు వీడియో క్యాసెట్లు. రెండింటి మీద మన వార్షికోత్సవం అని చీటీ అంటించి ఉంది. మిగతా తొమ్మిదింటి మీద ఒక్క అక్షరం లేదు. వాటిలో ఒకదాన్ని డెక్కులో వేసి చూస్తే అడవిలో ఒక పాత ఇల్లు, పొగమంచు, నేలకింది గది మూత దానంతట అదే పైకి లేవడం. ఇంగ్లీషు దయ్యం సినిమా! ఈ సంగతి గ్రూపులో పెట్టగానే మన సంఘం బీరువాలో దయ్యం ఎట్లా దూరిందని చిన్నవాళ్ళంతా నవ్వినారు. దూర్చినవాళ్ళలో మేమూ ఒకరము. ఆ సంగతి కడపట చెబుతాము. ముందు ఈ దయ్యం సినిమాలు ఏ ఊరివి, ఎవరు తీసినారు, క్యాసెట్లలో మన ఇళ్ళదాకా ఎట్లా వచ్చినవి అన్నది రాయాలనిపించింది. మాకు తెలుగు అక్షరాలు నలభై దాటినాక వచ్చినవి, బడి అంతా తమిళమే. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

రైల్వేలో మేము ఎక్కువ కాలం పార్సిల్ కౌంటర్లో కూర్చున్నాము. అక్కడ మొదటి రోజు నేర్పే పాఠం మార్కా. మూట ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోవాలి, వే బిల్లు నంబరు ఎంత, ఎన్ని మూటల్లో ఇది ఎన్నోది, ఇవి మూటమీద కనబడాలి. మార్కా చెరిగిపోయిందంటే లోపల పట్టుచీరలు ఉన్నా ఒకటే, పాత ఇనుము ఉన్నా ఒకటే. అది దిక్కులేని మూట. కొన్నాళ్ళు చూసి వేలం వేస్తారు, పాడుకున్నవాడిది ఆ సరుకు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, ఎంతోమంది ఇళ్ళకు చేరిన ఒక దయ్యం సినిమాకు కూడా సరిగ్గా ఇదే జరిగింది.

ఆ సినిమా పేరు 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. 1967లో అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కన ఇవాన్స్ సిటీ అనే చిన్న ఊరి చుట్టుపట్ల తీసినారు. తీసినవాళ్ళు సినిమావాళ్ళు కారు. టీవీకి ప్రకటనలు తీసి బతికే కుర్రవాళ్ళు. దర్శకుడు జార్జ్ రోమెరో, కథలో తోడు జాన్ రూసో. పదిమంది కలిసి తలకు 600 డాలర్లు వేసుకొని మొదలుపెట్టినారు, అందుకే వాళ్ళ కంపెనీ పేరు 'ఇమేజ్ టెన్'. చివరికి ఖర్చు లక్షా పద్నాలుగు వేల డాలర్లు అయినది. హాలీవుడ్ లెక్కలో అది కాఫీ ఖర్చు. రంగుల ఫిలిముకు డబ్బు లేక నలుపు తెలుపులో తీసినారు. రక్తం బదులు చాక్లెట్ పానకం పోసినారు, నలుపు తెలుపులో ఎవరికి తెలుస్తుంది! చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే దయ్యాలుగా నడిచినారు.

కథ చాలా చిన్నది. చచ్చినవాళ్ళు లేచి బతికినవాళ్ళను తింటుంటారు. ఒక పల్లె ఇంట్లో ఏడుగురు తలుపులకు పలకలు కొట్టుకొని రాత్రంతా కాచుకుంటారు. వాళ్ళలో తెలివిగలవాడు, ధైర్యస్థుడు ఒక నల్లజాతి యువకుడు. ఆ వేషం వేసినది డ్వేన్ జోన్స్. ఆ రోజుల్లో అమెరికా సినిమాలో నల్లవాడిని నాయకుడుగా పెట్టడం చిన్న మాట కాదు. తెల్లవారేసరికి అతనొక్కడే మిగులుతాడు. అప్పుడు తుపాకులతో వచ్చిన మనుషులు అతన్నీ దయ్యమే అనుకొని దూరంనుంచి కాల్చేస్తారు. సినిమా డబ్బాలు కారులో వేసుకొని న్యూయార్కు పోతుంటే మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపినారన్న వార్త రేడియోలో విన్నామని రోమెరో తర్వాత చెప్పినారు. 1968 ఏప్రిల్ 4 అది. ఆ చివరి సీను చూసినవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పక్కరలేదు.

ఇప్పుడు మార్కా సంగతి. వాళ్ళు మొదట పెట్టిన పేరు 'నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్'. పంపిణీ చేయడానికి ఒప్పుకున్న వాల్టర్ రీడ్ సంస్థ ఆ పేరు వద్దని కొత్త పేరు పెట్టింది. పేరు కనబడే ఫ్రేమును మార్చి కొత్తది అతికించినారు. పాత ఫ్రేములో పేరు కింద కాపీరైటు వరుస ఒకటి ఉండేది. కొత్తదానిలో దాన్ని వేయడం మరిచిపోయినారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, విడుదల చేసిన ప్రతిలో ఆ వరుస లేకపోతే హక్కు పోయినట్టే. అంతే! 1968 అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లో తెర ఎత్తిన రోజునుంచి ఆ సినిమా ఊరుమ్మడి సొత్తు అయిపోయినది. ఒక గుమాస్తా ఒక వరుస చూడలేదు. మేము ముప్పై ఏళ్ళు రిజిస్టర్లలో ఎర్రసిరాతో టిక్కులు పెట్టినాము. ఇది చదివినప్పుడు మాకు చేతులు చల్లబడినవి.

సినిమా హాళ్ళలో ఆడినంత కాలం దీని నష్టం అంతగా తెలియలేదు. క్యాసెట్ వచ్చినాక తెలిసింది. 1976లో జపాన్‌లో జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ యంత్రం తెచ్చింది. మరుసటి ఏడే అమెరికాలో ఆండ్రే బ్లే అనే ఆయన ఫాక్స్ కంపెనీ దగ్గర యాభై సినిమాల హక్కు కొనుక్కొని క్యాసెట్లు అమ్మడం మొదలుపెట్టినాడు. పెద్ద కంపెనీలు ఇంకా వెనకాడుతుండగా వీడియో అంగళ్ళు వీధికొకటి లేచినవి. అలమారలు నింపడానికి సరుకు కావాలి. పెద్ద సినిమాకు డబ్బు కట్టాలి. దయ్యం సినిమా చవక, అట్టమీద భయంకరమైన బొమ్మ ఒకటి వేస్తే చాలు. అందులోనూ ఈ సినిమాకైతే ఎవరికీ పైసా కట్టక్కరలేదు. ఎవడిదగ్గర ఒక రీలు ఉంటే వాడు క్యాసెట్ వేసినాడు. నకలుకు నకలు, దానికి మళ్ళీ నకలు. మొహాలు పిండిముద్దల్లా, మాటలు బావిలోంచి వచ్చినట్టు. 1986లో ఒక కంపెనీ రంగులు కూడా పూసింది. అందరూ డబ్బు చేసుకున్నారు, తీసినవాళ్ళకు మాత్రం అందులో వాటా లేదు. 1990లో అదే కథను రంగుల్లో మళ్ళీ తీసినారు, రోమెరోనే రాసి ఇచ్చినారు. పేరు మీద కొంతైనా రాబట్టుకుందామన్న ఆశ అందులో ఉండినది.

అయితే మేము ఇంకోవైపు కూడా చూస్తాము. ఆ వరుస ఉండి ఉంటే, ఆ సినిమా పంపిణీదారుడి గోదాములో బీగం కింద ఉండిపోయేదేమో. ఎవరిదీ కాదు కనుకనే అర్ధరాత్రి టీవీల్లో తిరిగింది, పెట్టెల్లో పడింది, ప్రతి ఇంటికీ చేరింది. దిక్కులేని మూటను వేలంలో పదిమంది పంచుకున్నట్టు. నష్టపోయినవాళ్ళకు ఈ మాట చెబితే కొడతారు, న్యాయమే.

మన దేశానికి వస్తాము. 1982లో ఢిల్లీ ఏషియన్ ఆటలతో రంగుల టీవీ వచ్చింది, వెనకనే వీసీఆర్. తమిళనాట మనం దాన్ని వీసీఆర్ అన్నదెప్పుడు? డెక్కు. పెళ్ళికి, చెవులు కుట్టడానికి, ఊరి తిరునాళ్ళకు టీవీ డెక్కు బాడుగకు తెచ్చి తెల్లవార్లూ మూడు సినిమాలు వేయడం. మొదటిది దేవుడి సినిమా, అవ్వలు చూసి నిద్రపోయేదాకా. రెండోది ఎమ్జీఆర్‌దో రజనీదో. మూడోది దయ్యం. రైల్వే క్వార్టర్స్‌లో మాకు ఉత్తరాదివాళ్ళు పక్కిళ్ళు కనుక రామ్సే అన్నదమ్ముల హిందీ దయ్యాలు కూడా చూసినాము. ఏడుగురు అన్నదమ్ములు, ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు రాత, తులసి, శ్యామ్ దర్శకులు. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే'తో మొదలై 1984లో 'పురానా మందిర్', 1988లో 'వీరానా'. గొప్ప పత్రికలు వాళ్ళ పేరెత్తలేదు. హిందీ ముక్క రాని మా అమ్మ మాత్రం 'పురానా మందిర్' చూసి వారం దినాలు పెరట్లోకి ఒంటరిగా పోలేదు.

ఆ రోజుల్లో చెన్నపట్నంలోనూ హైదరాబాదులోనూ వీడియో లైబ్రరీ పెట్టుకోని చదువుకున్న నిరుద్యోగి లేడన్నట్టుండేది. రామ్‌గోపాల్ వర్మ కూడా దర్శకుడు కాకముందు హైదరాబాదులో వీడియో అంగడి నడిపినవారే. 1992లో ఆయన తీసిన 'రాత్రి' చూసినప్పుడు, క్యాసెట్లు అరిగేదాకా చూసినవాడు తీసినదిది అని అనిపించింది.

దొంగ క్యాసెట్లు అప్పుడు ఎంత ఎక్కువంటే, 1984లోనే కాపీరైటు చట్టాన్ని దిద్ది 52ఎ అనే సెక్షను చేర్చినారు. వీడియో క్యాసెట్ మీద, అట్టమీద చేసినవాడి పేరు, అడ్రసు, హక్కుదారుడి పేరు, అడ్రసు ఉండాలి, సెన్సారు సర్టిఫికెట్టు నకలు ఉండాలి, అని. అంటే మూటకు మార్కా! మా కౌంటరు రూలే. మేము బాడుగకు తెచ్చిన క్యాసెట్లలో ఆ వరుసలు ఉన్నది నూటికి ఒకటో రెండో.

మన పెట్టెలో దొరికిన దయ్యానికి ఇంకా పెద్ద చరిత్ర ఉంది. దాని పేరు 'ది ఈవిల్ డెడ్'. ఆ కాలంలో ఒంటరిగా చూసినవాడికి బహుమతి ఇస్తారని పుకారు పుట్టింది దీని మీదనే. ఇచ్చినవాణ్ణి మేము చూడలేదు. తీసినది శామ్ రైమీ, ఇరవై ఏళ్ళ పిల్లవాడు. ముందు ఒక చిన్న సినిమా తీసి, దాన్ని డాక్టర్లకు, పళ్ళ డాక్టర్లకు, లాయర్లకు చూపించి డబ్బు అడుక్కొని, 1979 చలికాలంలో టెనసీలో మారిస్టౌన్ దగ్గర నీళ్ళ వసతి కూడా లేని పాడుబడ్డ ఇంట్లో తీసినాడు. 16 ఎంఎం ఫిలిము, మొక్కజొన్న పానకంతో రక్తం. 1981 అక్టోబరులో డెట్రాయిట్‌లో మొదటి ఆట.

1983లో ఇంగ్లండ్‌లో ప్యాలెస్ అనే చిన్న కంపెనీ దాన్ని హాళ్ళలోనూ క్యాసెట్లోనూ ఒకేసారి వదిలింది. జనం ఎగబడినారు. అప్పటికి అక్కడ హాలులో ఆడే సినిమాకు సెన్సారు ఉంది, క్యాసెట్‌కు లేదు. మేరీ వైట్‌హౌస్ అనే ఆమె, పత్రికలు కలిసి గోల లేపినారు, ఈ క్యాసెట్లతో పిల్లలు చెడిపోతున్నారని. 'వీడియో నాస్టీ' అని వాటికి పేరు పెట్టినారు. ప్రభుత్వ వకీలు ఆఫీసు ఒక జాబితా వేసింది. వేర్వేరు సమయాల్లో మొత్తం 72 సినిమాలు అందులో ఎక్కినవి, 39 మీద కేసు నిలిచింది. పోలీసులు అంగళ్ళమీద పడి పేరు చూసి పట్టుకుపోయినారు. 'ది బిగ్ రెడ్ వన్' అనే యుద్ధం సినిమాను కూడా పేరు చూసి బూతుదనుకొని తీసుకుపోయినారట! ఈవిల్ డెడ్ అమ్మినందుకు కోర్టు మెట్లు ఎక్కినవాళ్ళున్నారు. 1984లో 'వీడియో రికార్డింగ్స్ యాక్ట్' వచ్చింది. సెన్సారు చీటీ లేని క్యాసెట్ అమ్మితే శిక్ష. ఇరవై ఐదేళ్ళు దాని కింద జనం జరిమానాలు కట్టినారు, కొందరు జైలుకు పోయినారు.

2009 ఆగస్టులో ఆ చట్టాన్ని సవరిద్దామని పాత ఫైలు తీసినప్పుడు బయటపడింది. 1984లో ఆ చట్టం చేసేటప్పుడు ఐరోపా కమిషన్‌కు ఒక కాగితం పంపాలి. పంపలేదు. పంపనందువల్ల ఆ చట్టం అమలుకు పనికిరాదు! నడుస్తున్న కేసులు ఆపినారు. 2010 జనవరిలో అదే చట్టాన్ని అక్షరం మార్చకుండా మళ్ళీ పాస్ చేయవలసి వచ్చింది. అమెరికాలో ఒక వరుస, లండన్‌లో ఒక కాగితం. దయ్యాలకు గుమాస్తాలతో ఏం పగో. ఆ ఈవిల్ డెడ్‌నే 2001లో ఒక ముక్క కూడా కోయకుండా ఇంగ్లండ్‌లో అనుమతించినారు. ఆ పక్క ఏడు అమెరికాలో దాని డీవీడీని కథలోని మంత్రాల పుస్తకం లాగా రబ్బరు అట్టతో చేసి అమ్మినారు.

ఒకప్పుడు పోలీసులు కాల్చినవాటిని, అంగళ్ళవాళ్ళు చెత్తలో వేసినవాటిని ఇప్పుడు వెదికి, శుభ్రం చేసి, డిస్కులుగా అమ్మి బతికే కంపెనీలున్నవి. రామ్సేవాళ్ళ సినిమాలనే మొదట మంచి డీవీడీలుగా వేసినది మనవాళ్ళు కాదు, మోండో మకాబ్రో అనే పరాయి దేశపు చిన్న కంపెనీ. అమెరికాలో ఇంకో కంపెనీ పేరే 'వెనిగర్ సిండ్రోమ్'. పాత ఫిలిము కుళ్ళేటప్పుడు పుల్లటి కాడి వాసన వస్తుంది, ఆ జబ్బు పేరది. మొదటి సినిమా సంగతైతే, అదృష్టం, అసలు నెగటివు పోలేదు. 1999లో అమెరికా ప్రభుత్వం దాచుకోవలసిన సినిమాల పట్టీలో దాన్ని చేర్చింది. 2016లో న్యూయార్కు మోమా మ్యూజియం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగటివునుంచి బాగుచేసి చూపినారు. రోమెరో అది చూసి, మరుసటి ఏడు జూలైలో కాలం చేసినారు. 2018లో క్రైటీరియన్ డిస్కు వచ్చింది. మా మనవడు తెప్పించినాడు. మేము 1987లో చూసిన పిండిముద్ద మొహాలకు కళ్ళు, ముడతలు, చెమట ఉన్నవని అప్పుడు తెలిసింది.

ఇక మన క్యాసెట్.

1988లో సంఘంవాళ్ళు కొందరం ఒక అవ్వ ఇంటికి పోయినాము. పేరు ఇక్కడ వేయము, వాళ్ళ ఇంటివాళ్ళు గ్రూపులోనే ఉన్నారు. ఆమెకు తొంభై దగ్గర. మనవాళ్ళు మదురై నాయకుల కాలంలో వచ్చినారో అంతకు ముందో, ఆ దారి పొడుగునా మోసుకొచ్చిన పెళ్ళి పాటలు, జోల పాటలు, రోకటి పాటలు ఆమెకు వచ్చు. అక్షరం రాదు. కెమెరా బాడుగకు తెచ్చి మధ్యాహ్నం రెండు గంటలు పాడించినాము. క్యాసెట్ మాచేతికే ఇచ్చినారు. వీపున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, దాన్ని విరిచేస్తే మళ్ళీ దానిమీద రికార్డు కాదు. మేము విరవలేదు. చీటీ అంటించలేదు. ఆదివారం చేద్దాములే అనుకున్నాము. ముప్పై ఏళ్ళు ఊరందరి మూటలకు మార్కా వేయించినవాళ్ళము.

ఆ తర్వాతి వేసవి సెలవుల్లో క్వార్టర్స్ పిల్లలు రెండు డెక్కులు తెచ్చి పక్కపక్కన పెట్టి తీగ కలిపి ఈవిల్ డెడ్‌కు నకలు తీసుకున్నారు. ఖాళీ క్యాసెట్ అడిగితే మా ఇంట్లో చీటీ లేనిది ఒకటి ఇచ్చినాము. మా చేత్తోనే ఇచ్చినాము. పిల్లల తప్పు ఏమీ లేదు. సంగతి తెలిసినప్పుడు అవ్వ పోయి అప్పటికి ఆరు నెలలు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు ఆ క్యాసెట్‌ను మిగతావాటితో కలిపి సంఘం పెట్టెలో పడేసినాము. పాటల క్యాసెట్ ఏమైందని అడిగినవారికి బూజు పట్టి పోయిందని చెప్పినాము. ఆ అబద్ధం మీ అందరికీ ఈరోజు ఒప్పుకుంటున్నాము. అప్పటి కార్యదర్శిగారికి చెప్పవలసింది, ఆయన లేరు.

పోయిన వారం రిచీ వీధిలో పని చేసే డెక్కు ఒకటి దొరికింది. దయ్యం సినిమా 85 నిమిషాలు. అయిపోయి పేర్లు పడినవి, తెర నల్లబడింది, చీమలు పారినట్టు చుక్కలు వచ్చినవి. ఆపబోతూ మనవడు ఉండు తాతా అన్నాడు. గీతలు గీతలుగా బొమ్మ తిరిగింది, అవ్వ వచ్చింది. పాట నడిమిలో. దానికి ముందు పాడినవన్నీ పోయినవి, జోల పాటలు అన్నీ ముందే పాడింది, అవి లేవు. మిగిలినది ముప్పై మూడు నిమిషాలు. రోకటి పాటలు మూడు, పెళ్ళిలో వియ్యపురాలిని ఎగతాళి చేసేది ఒకటి, సగం గుర్తుకు వచ్చి ఆగిపోయినది ఒకటి.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి రెండు ప్రతులు చేసినాము. ఒకటి సంఘంలో, ఒకటి అవ్వ ఇంటివాళ్ళ దగ్గర. మిగతా ఎనిమిది క్యాసెట్లలో మూడింటికి తెల్లని బూజు ఉంది, వాటిని డెక్కులో వేయవద్దని మెకానిక్ చెప్పినాడు, బూజు యంత్రానికి అంటుకొని తర్వాతి క్యాసెట్‌నూ చెరుపుతుందట. శుభ్రం చేసేవాళ్ళ కోసం అడుగుతున్నాము. మీ ఇళ్ళలో అటకల మీద చీటీ లేని క్యాసెట్లు ఉంటే ఖాళీవి అనుకొని పారేయకండి, దయ్యం కనబడినా చివరిదాకా తిప్పండి. ఆదివారం పది గంటలకు గదిలో ఉంటాము.

ఇంకొకటి. ఆఖరి పాటలో అవ్వ ఆగిపోయినప్పుడు కెమెరా వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు తర్వాతి మాట అందిస్తుంది, అవ్వ తల ఊపి నవ్వుతుంది. ఆ గొంతు ఎవరిదో మాకు పట్టుబడలేదు. ఆ ముక్క గ్రూపులో పెట్టినాము. ఆమెకు ఆ పాట వచ్చునన్నమాట. మీ అమ్మలో అత్తలో అయితే వెంటనే చెప్పండి.